తొమ్మిదొందలతో భాగించండి

డోన్‌లో ఎవరైనా మొదటిసారి విమానమెక్కబోతున్నారని తెలియగానే వీధంతా ఒకటే అడుగుతుంది: “ఎన్ని గంటలప్పా?” పాపం ఆ తల్లిదండ్రులు తడబడిపోతారు. “పిల్లోడు టికెట్ పంపినాడు, అందులో ఏందో రాసినారు” అని నసుగుతారు. కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తుంటే తండ్రికి ఈ మాత్రం లెక్క రాకపోవడం ఊరికే నామోషీ. అందుకే ఈ సలహాలు. వీటికి ఫీజు లేదు, పూచీ అంతకన్నా లేదు.

ముందు ఫోన్ తీయండి. రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంతో అడగండి. వచ్చిన సంఖ్యను తొమ్మిదొందలతో భాగించండి. జెట్ విమానం పైకెక్కి కుదురుకున్నాక గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుందన్నది అందరూ ఒప్పుకునే మాటే. హైదరాబాద్ నుంచి డాలస్‌కు సుమారు 14,400 కిలోమీటర్లు. భాగిస్తే పదహారు గంటలు, శేషం సున్నా. శేషం మిగలని లెక్క తప్పయ్యే ప్రసక్తే లేదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం ఉందా అని ఎవరైనా అడ్డుతగిలితే, అది విమాన కంపెనీల సమస్య గానీ లెక్క సమస్య కాదని చెప్పండి.

సందేహజీవులు కొందరుంటారు. వాళ్ళు దగ్గరి ఉదాహరణ తెచ్చి ఇరికించాలని చూస్తారు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు గాలిలో సుమారు 455 కిలోమీటర్లు. మన సూత్రం ప్రకారం అరగంట. టికెట్ మీద మాత్రం గంటా పది నిమిషాలనో గంటా ఇరవై అనో ఉంటుంది. ఎందుకయ్యా అంటే పెద్ద పురాణం విప్పుతారు. వాళ్ళ గడియారం చక్రాలు నేల విడిచినప్పుడు మొదలుకాదట. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతలి ఊర్లో గేటు దగ్గర ఆగేదాకా లెక్కట. రన్‌వే దాకా నేల మీద నెమ్మదిగా దొర్లడం, ముందు నాలుగు విమానాలుంటే వాటి వెనక నిలబడటం, ముప్పై వేల అడుగుల పైకి ఎక్కడం, ఎక్కీ ఎక్కకముందే దిగడం మొదలుపెట్టడం, కింద రద్దీగా ఉంటే ఊరి మీద చుట్లు కొట్టడం, అన్నీ అందులోనేనట. పైగా కాస్త ఆలస్యమైనా “వేళకే వచ్చాం” అనిపించుకోవడానికి కొన్ని నిమిషాలు ముందే కలిపి రాస్తారట. దగ్గరి ప్రయాణంలో విమానం తన పూర్తి వేగంతో పోయేది కాసేపేనట. ఇవన్నీ నిజాలే కావచ్చు. కనబడిన ప్రతి నిజాన్నీ లెక్కలోకి లాక్కుంటూ పోతే లెక్క ఎప్పటికి తెమిలేను?

మన ఓర్వకల్లు విమానాశ్రయం విషయంలోనూ ఇదే పట్టు పట్టండి. 2021 మార్చి 25న దాన్ని ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 28వ తేదీ నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు ఇండిగో విమానాలు మొదలయ్యాయి. అక్కడ దిగేవి రెక్కలకు పంకాలు తిరిగే ఏటీఆర్‌లు. వాటి వేగం గంటకు ఐదొందల కిలోమీటర్ల దాపున. అయినా తొమ్మిదొందలతోనే భాగించండి. విమానానికో వేగం పెట్టుకుంటే మనిషికి ఒక పద్ధతంటూ ఉండదు. ఓర్వకల్లు నుంచి విశాఖకు నేరుగా సుమారు 580 కిలోమీటర్లు కాబట్టి, నలభై నిమిషాల్లోపే దిగుతామని అక్కడి వియ్యంకుడికి చెప్పేయండి. ఆయన గంటకు పైగా బయట ఎండలో నిలబడితే తప్పు పంకాది.

ఓర్వకల్లు నుంచే నేరుగా అమెరికాకు ఎందుకు పోకూడదన్న ప్రశ్న కూడా మన రచ్చబండల మీద వినిపిస్తూ ఉంటుంది. న్యాయమైన ప్రశ్న. అక్కడి రన్‌వే 2,000 మీటర్లేననీ, పదహారు గంటలకు సరిపడా ఇంధనం పోసుకున్న భారీ విమానం లేవడానికి అది చాలదనీ ఇంజనీర్లంటారు. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంటే మనకు తక్కువైంది రెండు కిలోమీటర్ల పైచిలుకు. బేతంచెర్లను పక్కన పెట్టుకుని ఇదీ ఒక సమస్యేనా? నాపరాళ్ళు పరిచేస్తే సరి. రాయి మనదే, పాలిష్ మిషన్లూ మనవే. విమానం కాస్త జారినా ముందుకే కదా జారేది.

ఇక అసలు విషయం: ఎక్కడ ఎక్కాలి? ఈ విషయంలో డోన్‌వాళ్ళకున్న భోగం చాలా ఊర్లకు లేదు. శంషాబాద్, దేవనహళ్ళి విమానాశ్రయాలు రెండూ 2008లోనే తెరుచుకున్నాయి, అది మార్చి 23న, ఇది మే 24న. రెండూ 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకునే ఉన్నాయి. ఆ రహదారి మన ఊరి పక్కనుంచే పోతుంది. ఒకవైపు తిరిగితే సుమారు రెండువందల యాభై కిలోమీటర్లలో శంషాబాద్, రెండోవైపు తిరిగితే సుమారు రెండువందల ఎనభైలో దేవనహళ్ళి. కొలిచి పెట్టినట్టు నడిమధ్య ఉన్నాం. నడిమధ్య ఉన్నవాడికి రెండూ దగ్గరే. రెండూ దూరమేనని అనేవాళ్ళు కరువు చూసి చూసి మనసు చెడిపోయినవాళ్ళు, పట్టించుకోకండి.

రోడ్డు మీద వందతో భాగించండి, అక్కడ తొమ్మిదొందలు చెల్లదని నేనూ ఒప్పుకుంటాను. రెండున్నర గంటల్లో శంషాబాద్. ఉత్తరానికి పోతే అమకతాడు, పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లు తగులుతాయి. దక్షిణానికైతే కసేపల్లి, మరూరు, ఆపైన కర్ణాటకలో బాగేపల్లి. ఫాస్టాగ్ వచ్చాక వీటి దగ్గర క్షణం పట్టదు. ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవన్న సంగతి గేటు కర్ర లేవనప్పుడే తెలుస్తుంది గానీ, దానికి రహదారిని తప్పు పట్టలేం. కర్నూలు దాటేలోపు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలకు ఒకసారి ఆపాలి. జడ్చర్ల దగ్గర టీకి ఇంకోసారి. బెంగళూరు దారి పట్టినవాళ్ళకు గుత్తికోట కనిపించగానే ఫోటో దిగాలనిపిస్తుంది, అదీ న్యాయమే. సాగనంపడానికి వచ్చే వెనక కారులో పెద్దమ్మకు కడుపులో తిప్పితే అదొకటి. కారు ఆగి ఉన్నంతసేపూ ప్రయాణం చేయడం లేదు గనక, ఆ సమయాన్ని ప్రయాణ సమయంలో కలపకూడదు. నలుగురు ఈ సంగతి గ్రహించక రెండున్నర గంటల దారికి ఐదు గంటలు పట్టిందని చెప్పుకు తిరుగుతుంటారు.

విమానాశ్రయాన్ని ఎంచుకోవడంలో మాత్రం దూరాన్ని అసలు చూడకండి, టికెట్ రేటే చూడండి. ఒక్కోసారి హైదరాబాద్‌లో ఎక్కి, బెంగళూరులో మారి, అక్కణ్ణుంచి అమెరికాకు పోయే టికెట్ నాలుగు వేలు తక్కువకు కనిపిస్తుంది. కళ్ళు మూసుకుని కొనేయండి. చేయవలసిందల్లా ఇంటి నుంచి రెండువందల యాభై కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, విమానమెక్కి, మళ్ళీ దక్షిణానికి రావడం. మ్యాపు మీద శంషాబాద్ నుంచి దేవనహళ్ళికి స్కేలు పెట్టి చూడండి: గీత మన ఊరికి పాతిక కిలోమీటర్లు తూర్పుగా పోతుంది. కుడివైపు కిటికీ సీటు అడిగి తీసుకుని, ఆకాశం తేటగా ఉంటే, తెల్లవారుజామున తాళం వేసి వచ్చిన ఊరు పైనుంచి కనిపించినా కనిపిస్తుంది. గేటుకు గొళ్ళెం పెట్టామా, బోరు మోటారు కట్టేశామా అన్న గుబులు అక్కడే తీర్చుకోవచ్చు. మామూలు టికెట్టుతో ఇంత సౌకర్యం ఎవరిస్తారు?

అదే రోజు, అదే వేళకు బయలుదేరిన పక్కింటాయన కారులో తిన్నగా దక్షిణానికి పోయాడనుకుందాం. ఐదు గంటల్లో దేవనహళ్ళి చేరి, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు తిని, కుర్చీలో కునుకు కూడా తీస్తాడు. మీరు అప్పటికి శంషాబాద్‌లో భద్రతా తనిఖీ వరసలో బెల్టు విప్పుతూ ఉంటారు. మీరు బెంగళూరులో దిగేసరికి ఆయన నిద్ర లేచి పళ్ళికిలిస్తాడు. నొచ్చుకోకండి. ఆయన 280 కిలోమీటర్లకు ఐదు గంటలు తీసుకున్నాడు. మీరు 455 కిలోమీటర్లను గంటంబావులో దాటారు. ఎవరు వేగంగా వచ్చినట్టో ఆయన్నే చెప్పమనండి.

రైలు ఊరివాళ్ళం కాబట్టి రైలును మరవకూడదు. ద్రోణాచలం అన్న పాత పేరు పోయింది గానీ జంక్షన్ అన్న గౌరవం పోలేదు. గుంటూరు దారి, గుంతకల్లు దారి, కర్నూలు దారి, అన్నీ ఇక్కడ కలుస్తాయి. కాచిగూడ రైలెక్కితే హైదరాబాద్, యశ్వంతపూర్ రైలెక్కితే బెంగళూరు. కాచిగూడ స్టేషనూ హైదరాబాదే, శంషాబాద్ విమానాశ్రయమూ హైదరాబాదే, ఇక రెంటికీ మధ్య దూరమేముంటుంది? ఆటోవాళ్ళు ఆ ఊళ్ళో ఏవో పాతిక ముప్పై కిలోమీటర్లని బెదిరిస్తారు, బేరమాడండి. 2023 సెప్టెంబర్ 24న కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ మొదలైనప్పుడు ఆగే ఊర్ల జాబితాలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం ఉన్నాయి, డోన్ లేదు. అందులో బెంగళూరు పోవాలంటే ముందు యాభై కిలోమీటర్లు వెనక్కి, కర్నూలుకు పోయి ఎక్కి, మన ఊరి ప్లాట్‌ఫారాన్ని కిటికీలోంచి చూస్తూ ముందుకు సాగవచ్చు. పైన చెప్పిన విమానం సలహాకు ఇది నేల మీది నమూనా. ముందు దీనితో సాధన చేయండి.

ఇంకొక జంక్షన్ విద్య కూడా మనకుంది. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక ఇంట్లోంచి బయలుదేరడం. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందే రావాలని టికెట్ కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. కౌంటర్లు గంట ముందే మూసేస్తామంటారు. పాస్‌పోర్టు, వీసా చూడటం, పెట్టెలు తూయడం, ఇమిగ్రేషన్‌లో ముద్ర వేయించుకోవడం, తనిఖీ, గేటు దాకా నడక, ఇవన్నీ కలిపి చెప్పిన మాట అది. రైలెక్కడం తెలియని ఊర్లవాళ్ళ కోసం రాసుంటారు. మనకు అవసరం లేదు.

ఇప్పుడు దిక్కుల సంగతి. ఇది కాస్త పెద్ద సలహా, కుదురుగా కూర్చుని వినండి.

గోడ మీది ప్రపంచ పటంలో డాలస్ మనకు పడమర. స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా తిన్నగా పోతుంది. ఈ పటం పద్ధతి 1569లో మెర్కేటర్ అనే ఆయన నావికుల కోసం వేసింది. దాని మీద గీత తిన్నగా ఉంటే ఓడ ఒకే దిక్కు పట్టుకుని పోవచ్చు. ఆ గీత వెంబడి హైదరాబాద్ నుంచి డాలస్‌కు కొలిస్తే సుమారు 17,650 కిలోమీటర్లు. కానీ మొదట మనం చెప్పుకున్నది 14,400. ఎలాగంటే భూమి గుండ్రం కాబట్టి గ్లోబు తెచ్చి, రెండు ఊర్ల మధ్య దారం బిగించి లాగమంటారు. దారం పడమరకు పోదు. దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి ఎక్కి, హిమాలయాలూ సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఐదారొందల కిలోమీటర్ల దాపునుంచి అవతలికి దొర్లి, కెనడా మీదుగా డాలస్‌కు దిగుతుంది. గోడపటం దారికీ దారపు దారికీ తేడా మూడువేల పైచిలుకు కిలోమీటర్లు, రాయచోటివాళ్ళు హైదరాబాద్‌లో ఎక్కి కువైట్‌లో దిగేంత దూరం. ఇది వినడానికి బాగుంది. కానీ గ్లోబు హైస్కూల్లో హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది, బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. గోడపటం మాత్రం ప్రతి ఇంట్లో ఉంది. చేతిలో ఉన్నదాన్నే నమ్మాలి.

ధ్రువం మీద ఎవరు పోతారు, అంతా ఉత్తుత్తి మాటలని తోసేయబోతే 2021 జనవరిని గుర్తుచేస్తారు. ఆ నెల శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా నేరు విమానం మొదలైంది. మొదటి విమానాన్ని నడిపినవాళ్ళందరూ ఆడవాళ్ళే: కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో మన తెలుగు పేరున్న పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి జనవరి 11న దేవనహళ్ళిలో దిగారు. రెండు ఊర్ల మధ్య గీత దూరం 13,993 కిలోమీటర్లు. సరే, వాళ్ళు వచ్చారు. వాళ్ళకు దారి తెలుసు కాబట్టి వచ్చారు. మనకు కావలసింది దారి కాదు, దిక్కు. ఎందుకంటే వారశూల చూడాలి.

శుక్ర, ఆదివారాలు పడమరకు శూల. డాలస్ పడమర అనుకున్నవాళ్ళు ఆ రెండు రోజులూ వదిలేస్తారు. దారం లెక్కన విమానం ఉత్తరానికి పోతుందంటే మంగళ, బుధవారాలు పోయాయి. డోన్ నుంచి దేవనహళ్ళి దక్షిణం గనక గురువారం పోయింది. మిగిలినవి సోమ, శనివారాలు. ఆ రెండూ తూర్పుకు శూల, మనమెవరూ తూర్పుకు పోవడం లేదని సంబరపడేలోపు ఎయిర్ ఇండియా వాళ్ళు ఆ తలుపూ మూసేశారు. 2016 అక్టోబర్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపారు. వారమంతా శూలలే. దీనికి మన పెద్దలు పెట్టిన విరుగుడు పరస్థానం. మంచిరోజు చూసి ఒక పెట్టెను ఎదురింట్లో పెట్టి వస్తే ప్రయాణం మొదలైనట్టే. అయితే రెండు పెట్టెలకూ ఇరవై మూడేసి కిలోల చొప్పున నిండుగా చెనిక్కాయలు, నిప్పట్లు, కారప్పొడులు కుక్కి ఉంటాయి కాబట్టి ఎదురింటివాళ్ళను జాగ్రత్తగా ఎంచుకోండి. బయలుదేరే రోజు తూకం తగ్గి ఉంటే అడగడం బాగుండదు.

ఆ 2016 నాటి విమానం నన్ను ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది. అట్లాంటిక్ మీదుగా ఆ దారి 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ మీదుగా పోయినప్పుడు 15,300. పద్నాలుగొందల కిలోమీటర్లు ఎక్కువ. నా సూత్రం ప్రకారం గంటన్నర ఆలస్యం కావాలి. వాళ్ళేమో పద్నాలుగున్నర గంటల్లో, మునుపటి కంటే సుమారు రెండు గంటలు ముందే దిగి కూర్చున్నారు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఒక గాలి ఏరులా పారుతుందట, జెట్ స్ట్రీమ్ అంటారట. తూర్పుకు పోయే విమానాన్ని వెనక నుంచి నెడుతుందట, పడమరకు పోయేదాన్ని ఎదురు నిలబడి తోస్తుందట. దుబాయ్ నుంచి డాలస్ పోయేటప్పుడు పదహారు గంటల దాకా పడితే, తిరిగి వచ్చేటప్పుడు అంతకంటే తక్కువ పట్టేది కూడా ఆ గాలి పుణ్యమేనట. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి గాలిమరలు చూసినవాళ్ళం, గాలికి బలముందని మనకు ఒకరు చెప్పాలా? కానీ లెక్కలో గాలిని కలపడమేమిటి? బళ్ళో ఎక్కాలు నేర్పిన అయ్యవారు గాలి ఎటు వీస్తోందో చూసి చెప్పలేదు. మీరు వెళ్ళేటప్పుడు పదహారు, వచ్చేటప్పుడు పదహారు అని రాసుకోండి. తిరుగు ప్రయాణంలో విమానం ముందే దిగితే, డబ్బిచ్చిన గంటలు పూర్తికాలేదు కాబట్టి మిగతా సొమ్ము ఇమ్మని అడగండి.

దుబాయ్ మీదుగా పోవడమంటే చుట్టుదారి అని కొందరికి బెంగ. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కడి నుంచి డాలస్ 12,900. కూడితే తిన్నని దారి కంటే వెయ్యి కిలోమీటర్ల పైన కొంచెమే ఎక్కువ. నా సూత్రం ఇక్కడ కాస్త పనికొస్తుంది, గంటా పది నిమిషాలు. పిల్లలు మాత్రం నడుమ నాలుగు గంటల వ్యవధి ఉన్న టికెట్ కొంటామంటారు. వద్దనండి. యాభై ఐదు నిమిషాలున్నది కొనమనండి. దిగిన విమానం పక్కనే ఎక్కే విమానం ఉంటుంది, గుంతకల్లులో బండి మారినట్టు ఎదురు ప్లాట్‌ఫారం మీదికి పోవడమే. దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు లోపలే రైలెక్కి పోవలసి వస్తుందనీ, మళ్ళీ తనిఖీ ఉంటుందనీ, బయలుదేరే వేళకు ముందే గేటు మూసేస్తారనీ అంటే వినకండి. చికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి డాలస్‌కు ఇంకో విమానం పట్టేవాళ్ళు, పెట్టెల గురించి అసలు ఆలోచించకండి. అమెరికాలో మొదట దిగిన ఊర్లోనే ఇమిగ్రేషన్ అయ్యాక మన పెట్టెలు మనమే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలన్నది అక్కడి ఆనవాయితీ. డోన్‌లో ఇచ్చిన పార్సిల్ బళ్ళారిలో తీసుకునేటప్పుడు గుంతకల్లులో మనం దిగి మోస్తామా?

ఆకాశంలో సరిహద్దులుండవని సినిమాల్లో చెప్పిన మాటను కూడా గట్టిగా పట్టుకోండి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన దేశపు విమానాలకు మూసింది, వారం తిరక్కుండా మనమూ వాళ్ళకు మూశాం. ఢిల్లీ నుంచి పడమరకు పోయే ఎయిర్ ఇండియా విమానాలు దక్షిణానికి దిగి చుట్టు తిరగాల్సి వచ్చింది. దూరం చూపే ఫోన్‌కు ఈ గొడవ తెలియదు, అది అప్పుడూ ఇప్పుడూ అదే సంఖ్య చెబుతుంది. అంత నిలకడ ఇంకెక్కడ దొరుకుతుంది?

గడియారాల దగ్గర చాలామంది బోల్తా పడతారు కాబట్టి ఒక సులువు మార్గం చెబుతాను. టికెట్‌లో దిగే వేళలోంచి ఎక్కే వేళ తీసేయండి. ఆ నేరు విమానంలో బెంగళూరులో మధ్యాహ్నం ఎక్కినవాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ సాయంత్రం దిగేవాళ్ళు. అంటే పద్నాలుగు వేల కిలోమీటర్లు మూడు నాలుగు గంటల్లో! డోన్ నుంచి తిరుపతికి కూడా అంత త్వరగా పోలేం. ఎక్కే వేళ ఎక్కే ఊరిదనీ, దిగే వేళ దిగే ఊరిదనీ, శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక ఉంటుందనీ, అందువల్ల లోపల కూర్చున్నవాడికి పదహారు పదిహేడు గంటలు కూర్చోక తప్పదనీ కొడుకు చెబుతాడు. వాడు మీకు భయం పెడుతున్నాడు. తిరుగు టికెట్‌లో మాత్రం ఈ పద్ధతి వాడకండి, రాత్రి ఎక్కితే ఎల్లుండి దిగినట్టు వస్తుంది.

అసలు మన గడియారమే మనది కాదు. భారతీయ ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖ మీద ఆధారపడి ఉంది, అది పోయేది కాకినాడ దగ్గరగా. డోన్ దానికి దాదాపు నాలుగున్నర డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన నెత్తిన పొద్దు వాళ్ళకంటే పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా నిలబడుతుంది. కాబట్టి టికెట్‌లో రాసింది కాకినాడ వేళ. కౌంటర్ మూసేశామని వాళ్ళంటే, డోన్‌లో ఇంకా పద్దెనిమిది నిమిషాలుందని మర్యాదగా చెప్పి చూడండి.

తేదీ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. గల్ఫ్ వైపు పోయే విమానాలు చాలావరకు నడిరాత్రి దాటాక లేస్తాయి. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉందనుకోండి. పిల్లలు 14వ తేదీ మధ్యాహ్నమే ఇల్లు కదలమంటారు. పదిహేను అంటే పదిహేనే. 14 రాత్రి బంధువులకు ఓళిగలతో భోజనం పెట్టి హాయిగా నిద్రపోండి. 15న పొద్దున్నే లేచి, తలంటుకుని, కుల్లాయిస్వామికో మద్దిలేటి నరసింహస్వామికో మొక్కి, ఎండ తగ్గాక రెండు కార్లలో బయలుదేరితే రాత్రికి శంషాబాద్. వెళ్ళాల్సిన విమానం ముందు రాత్రే దుబాయ్‌లో దిగి ఉంటుంది. అంత తొందర వాళ్ళకెందుకో అడగండి.

ఇవన్నీ పాటించీ ఎలాగో డాలస్ చేరినవాళ్ళకు చివరిగా నిద్ర సంగతి. అక్కడ దిగాక ఒంట్లో గడియారం డోన్‌లోనే ఉండిపోతుంది. అక్కడి రాత్రి రెండింటికి మనకు మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలమైతే. కళ్ళు విప్పారి, ఆకలి వేసి, ఇల్లంతా తిరగాలనిపిస్తుంది. పగలు వెలుతురులో నడవండి, వాళ్ళ వేళకే తినండి, నాలుగైదు రోజుల్లో ఒళ్ళు సర్దుకుంటుందని డాక్టర్లంటారు. ఆరునెలలు ఉండి మళ్ళీ డోన్‌కే రావాలి గదా, ఒకసారి సర్దుకుని మళ్ళీ సర్దుకోవడం రెండింతల శ్రమ. అందుకని చేతి గడియారాన్ని తిప్పనే తిప్పకండి. ఆరునెలలూ డోన్ వేళే పాటించండి. వాళ్ళ పగలంతా నిద్రపోండి, కొడుకూ కోడలూ ఆఫీసుల్లో, మనవరాలు బడిలో ఉంటారు గనక ఎవరికీ అడ్డం ఉండదు. వాళ్ళు పడుకున్నాక లేచి వంట చేసుకోండి, ఊర్లోవాళ్ళకు వీడియో కాల్ చేసి ఎండలెట్లున్నాయో కనుక్కోండి. కొడుకుతో మాట్లాడాలనిపిస్తే డోన్‌లో ఉన్నప్పుడు చేసినట్టే, వాడికి ఖాళీ దొరికే ఆదివారం చూసి ఫోన్ చేయండి. పక్క గదే కాబట్టి మాట స్పష్టంగా వినిపిస్తుంది.